చీటీ తీసిన చెయ్యి

ఐదయింది. ఐదున్నర కూడా అయి ఉండొచ్చు, మబ్బేసిన రోజున పొద్దు ఎక్కడుందో ఎవరికి తెలుసు. బోడసకుర్రు రేవులో టీకొట్టు చూరు కింద మా అత్తగారు వీరాయమ్మగారు బల్ల మీద కూర్చున్నారు. బల్ల మీద ఇంకొకరికి చోటుంది కానీ నాకు కూర్చోబుద్ధి కావడం లేదు, కూర్చుంటే గోదావరి అవతలి గట్టు కనపడదు. నీళ్ళు ఎర్రగా, చిక్కగా, చప్పుడు లేకుండా పోతున్నాయి. చప్పుడు చేసే నీళ్ళకి నేను భయపడను, మా ఊరి కాలువ లాకుల దగ్గర పెరిగినదాన్ని. ఈ చప్పుడు లేకపోవడమే బాగాలేదు. రేవు మెట్లు నిన్న పదకొండు కనిపించాయట, ఇవాళ రెండే ఉన్నాయి. గుర్రపుడెక్క దిబ్బల మధ్య ఒక కొబ్బరిచెట్టు వేళ్ళతో సహా కొట్టుకుపోతోంది, గెలలు ఇంకా చెట్టుకే ఉన్నాయి. ఎవరి చెట్టో, ఏ లంకదో, ఎన్నాళ్ళు నీళ్ళు పోసి పెంచారో. అవతల పాశర్లపూడి రేవులో మనుషులు చుక్కల్లా కనిపిస్తున్నారు. ఆ చుక్కల్లో ఒకటి మా ఆయన.

"పంటు పన్నెండింటికే ఆపేసేరండమ్మగారూ" అన్నాడు టీకొట్టు తాతబ్బాయి, మనుషుల్నీ సైకిళ్ళనీ ఏరు దాటించే ఇంజను పడవ గురించి. "అవతల పాతికమంది దాకా ఉండిపోయేరండి. పంటు నడిపే సరంగు ఒక్క ట్రిప్పేసి చూత్తానంటన్నాడంటండి. అటేపు గట్టెంబడి పైకి లాక్కెళ్ళి వదిల్తే ఇటు రేవులో పడొచ్చండి."

"పడకపోతే?" అన్నాను.

"కిందెక్కడో పడద్దండి" అన్నాడు టీ వడబోస్తూ. ఎక్కడో అన్న మాటకి అతను చిరునామా చెప్పలేదు, నేనూ అడగలేదు.

మా ఆయన వరప్రసాదం మాస్టారు పనిచేసేది నగరం పక్కన మా పల్లెలో, మిషను వాళ్ళ బడిలో. అది ఎయిడెడ్ బడి, బదిలీ అన్న మాటే లేదు, చేరిన చోటే తల పండాలి. మేము ఉండేది అమలాపురంలో. ఉదయం ఏడింటి బస్సుకి ఈ రేవుకి వస్తారు, పంటు ఎక్కుతారు, అవతల ఉంచుకున్న సైకిలు తొక్కుకుంటూ బడికి పోతారు, సాయంత్రం అదే దారి తిరగేస్తారు. ఆరేళ్ళయింది. ఆదివారాలూ పండగలూ తీసేసినా ఎన్నిసార్లు దాటి ఉంటారో ఈ ఏటిని. మొదట్లో లెక్కపెట్టేదాన్ని, తరవాత భయమేసి మానేశాను. ఆరేళ్ళ కిందట నేను ఒక పని చెయ్యకపోయి ఉంటే ఈ నది ఆయన దారిలోనే ఉండేది కాదు. రాజోలు నుంచి అయితే బస్సులో గంట, ఏరు లేదు, పంటు లేదు, వానొస్తే గొడుగు చాలు. ఆ సంగతి ఈ ఆరేళ్ళలో నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పని మాట కడుపులో ఏమవుతుందో నాకు తెలుసు, పెరుగుతుంది.

అత్తగారు మాట్లాడ్డం లేదు. మామూలుగానే ఆవిడ తక్కువ మాట్లాడతారు, అందులో నాతో ఇంకా తక్కువ. మధ్యాహ్నం మూడింటికి రేడియోలో వరద వార్త వినగానే చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని "నేను రేవుకెళ్తన్నా" అన్నారు, నన్ను రమ్మనలేదు. నేనే చెప్పులేసుకుని వెనకపడ్డాను. డెబ్భై ఏళ్ళ మనిషి బస్సులో నిలబడే వచ్చారు. ఎవరో కుర్రాడు లేచి సీటు ఇస్తానంటే వద్దన్నారు. ఆవిడంతే, ఒకరిచ్చింది పుచ్చుకోరు. అమలాపురం వచ్చిన మొదటి రోజు నుంచీ సాయంత్రం కొడుకు గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడు వినేదాకా ఆవిడ మెతుకు ముట్టరు. ఒకోసారి పంటు ఆలస్యమై తొమ్మిదవుతుంది. కంచం ముందు పెట్టినా "తింటాలే" అంటారు, తినరు. నా మీద కోపంతోనే అలా చేస్తున్నారని నాకు గట్టి నమ్మకం. కొడుకుని ఏటికి అవతల పనిలోనూ తనను ఇవతల ఇంట్లోనూ పెట్టిన ఊరు ఇది, మామగారి సమాధి ఉన్న నేల నుంచి తనను లాక్కొచ్చిన ఊరు ఇది. పస్తుండి నన్ను తిడుతున్నారు అనుకునేదాన్ని. నేనూ తక్కువ తినలేదు, పట్టుదలకి ఆవిడ ముందే కూర్చుని రెండుసార్లు వడ్డించుకుని తిన్న రోజులున్నాయి. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

పల్లెలో ఐదో తరగతి దాకానే బడి. మా రూతు ఐదుకొచ్చింది, తరవాత ఎక్కడ అని మా ఆయనే ముందు అన్నారు. పిల్లని హాస్టల్లో వెయ్యడానికి ఆయన మనసొప్పదు. అందరం ఏదన్నా టౌనుకి మారదాం, తిరిగేది నేను తిరుగుతాను అన్నారు. మూడు ఊళ్ళు ఆలోచనలోకి వచ్చాయి. రాజోలు అత్తగారి మాట. దగ్గర, నది లేదు, సమాధికి పువ్వులు పెట్టడానికి పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చెయ్యొచ్చు, బడి కూడా ఉంది. నేను కాదనలేదు, ఎలా కాదంటాను? కొత్తపేట మా ఆయన మాట. ఆయన చిన్నప్పటి స్నేహితుడొకడు అక్కడ పంతులు, వీధి బాగుంటుంది, అద్దె ఇల్లు తను చూసిపెడతానన్నాడు, కాకపోతే అక్విడెక్టు వంతెన మీదుగా రెండు బస్సులు మారాలి. అమలాపురం నా మాట. నా మాట ఎందుకో గట్టిగా చెప్పలేకపోయాను. కోడలు చెప్పే కారణానికి తూకం వెయ్యడం ఎవరికి అలవాటు?

కారణం ఒక కిటికీ. ఎవరికైనా చెబితే నవ్వుతారు. ఆ ఏడాది వేసవిలో పంటి నొప్పికి అమలాపురం ఆసుపత్రికి వచ్చి, తిరిగి వెళ్ళేప్పుడు బస్సుకి ఇంకా టైముందని నడుస్తూ ఒక బడి పక్క సందులోంచి పోయాను. సెలవుల్లో కూడా పెద్ద పిల్లలకి ఏవో క్లాసులు జరుగుతున్నాయి. కిటికీలోంచి చూస్తే ఒక పిల్ల, పద్నాలుగేళ్ళుంటాయేమో, నీలం పరికిణీ, తెల్ల ఓణీ, చేతిలో గాజు గొట్టం పట్టుకుని మంట మీద తిప్పుతోంది. గొట్టంలో నీళ్ళు నీలంగా ఉన్నాయి. చూస్తుండగానే నీళ్ళు నల్లబడ్డాయి. ఆ పిల్ల భయపడలేదు, పుస్తకంలో ఏదో రాసుకుంది. అంతే నేను చూసింది. నేను ఎనిమిదో తరగతిలో మానేశాను. మా నాన్న రాజుగారి పొలంలో పాలేరు, హైస్కూలు కాలువ దాటి మూడు మైళ్ళు, ఆడపిల్ల ఒక్కత్తే ఎలా వెళ్తుంది అన్నారు. నా దస్తూరీ మాత్రం బాగుండేది. మా చర్చి సంఘంలో పెళ్ళి పిలుపులూ సమాధి పలకల మీద అక్షరాలూ నేనే రాసేదాన్ని. రాతి మీద రాసిన పేర్లు చెక్కేవాడికి నా అక్షరమే అచ్చు. పేర్లు రాసి రాసి విసుగొచ్చింది నాకు. నా కూతురు నీళ్ళు ఎందుకు నల్లబడతాయో రాసుకోవాలి అనుకున్నాను. బస్సు తప్పిపోయింది ఆ రోజు.

మా సంఘంలో ఎటూ తేలని మాట ఉంటే చీటీలు వేస్తారు. పెళ్ళి సంబంధం కావచ్చు, ఇల్లు కట్టే చోటు కావచ్చు, మూడు రోజులు ఇంటిల్లిపాదీ ఉపవాసం ఉండి, బైబిలు గ్రంథంలో చీటీలు పెట్టి, ప్రార్థన చేసి, ఒకటి తీస్తారు. వచ్చింది దైవచిత్తం. మిగతావి విప్పకుండా పొయ్యిలో వేసెయ్యాలి. దేవుడు ఇవ్వనిది ఏమిటా అని చూడ్డం అనుమానించడమే అంటారు మా సీమోను పాస్టరుగారు. చీటీలు రాసే పని నాది, దస్తూరీ బాగుంటుంది కాబట్టి. తీసే పని చదువు రాని వాళ్ళది. మడత సందులోంచి ఒక అక్షరం కనపడ్డా ఆ చేతికి తెలియదు కాబట్టి. మా ఇంట్లో చదువు రాని చెయ్యి ఒక్కటే, అత్తగారిది.

మూడు రోజులు నేనూ పస్తున్నాను. మూడు రోజులు పస్తుండి మరీ మోసం చేశాను. మూడో రోజు మధ్యాహ్నం రూతు కాపీ పుస్తకంలోంచి ఒక కాగితం చింపి మూడు ముక్కలు చేశాను. మొదటి దాని మీద అమలాపురం అని రాశాను. రెండోది తీసుకుని రాజోలు అని రాయబోయాను. కలం రా దగ్గర ఆగింది. దేవుడికి రాజోలే ఇష్టమైతే? నా భయమంతా అదే. దేవుడు లేడని కాదు నా అనుమానం, ఉండి, ఆ కిటికీ ఆయన చూడలేదేమోనని. ఆ రా అన్న ముక్కను ఉండ చుట్టి నోట్లో పెట్టుకుని మింగాను, ఉపవాసం అక్కడ పోయింది. ఇంకో కాగితం చింపి రెండో చీటీ మీదా అమలాపురం రాశాను. మూడో దాని మీదా అదే. మూడూ ఒక్కలాగే వచ్చాయి, నా దస్తూరీ ఎప్పుడూ తప్పదు.

అరుగో, అవతల కదులుతున్నారు. చుక్కలన్నీ ఒకచోట చేరాయి. పంటు మీదకి ఎక్కుతున్నట్టున్నారు. వద్దు, ఎక్కొద్దండీ, ఈ రాత్రికి బడిలోనే పడుకోండి, బల్లలు కలిపి వేసుకుని పడుకోండి. నా మాట అంత దూరం ఎలా వినపడుతుంది.

ప్రార్థన చేసేప్పుడు అందరూ కళ్ళు మూసుకున్నారు, నేను మూసుకోలేకపోయాను. అందుకే అత్తగారి చెయ్యి చూశాను. నలభై ఏళ్ళు ఊడ్పులూ కలుపులూ చేసిన చెయ్యి, గోళ్ళ చుట్టూ బురద పుళ్ళ మచ్చలు, చూపుడు వేలు సగం వంగిపోయింది. ఆ వేలు గ్రంథం లోపలికి పోయి ఒక చీటీ మీద ఆగింది, అక్కణ్ణించి ఇంకోదాని మీదకి పోయింది, మళ్ళీ మొదటిదానికే వచ్చింది. ఎంత నిజాయితీగా వెతికిందో. ఏది తీసినా ఒకటేనని తెలిసిన నేను అది చూస్తూ కూర్చున్నాను. పాస్టరుగారు విప్పి "అమలాపురం" అని చదివారు. అత్తగారి మొహం ఒక్క క్షణం పడిపోయింది, ఆ వెంటనే "స్తోత్రం" అన్నారు. మిగతా రెండు చీటీలూ ఆవిడే తీసుకుని వంటింట్లోకి పోయారు పొయ్యిలో వెయ్యడానికి. ఆవిడకి చదువు రాదు కదా అని సర్దుకున్నాను. పొగ వాసన వచ్చేదాకా వంటింటి గుమ్మం వైపే చూస్తూ ఉన్నాను.

ఆ తరవాత అంతా బాగానే జరిగింది, అదే విచిత్రం. ఇల్లు దొరకడమే కాస్త కష్టమైంది. మొదటి ఇంటావిడ నీళ్ళ వసతి చూపించి, పెరడు చూపించి, చివరికి "మీదే పేటండీ?" అని అడిగింది, మా ఆయన చెప్పారు, ఆవిడ మర్యాదగా తాళం వేసుకుంది. నాలుగో ఇల్లు కుదిరింది. రూతు ఆ బడిలోనే చేరింది. రెండేళ్ళ కిందట ఒకరోజు వేలు కాలి వచ్చింది. ఏమిటే అంటే గాజు గొట్టం వేడిదని మరిచిపోయి పట్టుకున్నానంది. వెన్న రాస్తూ ఏడ్చేశాను. అది "ఏం మండటం లేదమ్మా" అంటుంది, దానికేం తెలుసు. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. మా ఆయన మాత్రం ఆరేళ్ళుగా ఎండలోనూ మంచులోనూ ఈ ఏరు దాటుతూనే ఉన్నారు. అలిసిపోయారా అని అడిగితే ఒకటే మాట అంటారు, దేవుడు చూపించిన ఊరు, దాటించడం ఆయన పని. ఆ మాట విన్నప్పుడల్లా నాకు గొంతులో ఆ కాగితం ఉండ అడ్డుపడుతుంది.

పంటు బయల్దేరింది. గట్టు పట్టుకుని పైకి పోయింది, చాలా పైకి, తాతబ్బాయి చెప్పినట్టే. అక్కడ ఇటు తిరిగింది. తిరగ్గానే నీళ్ళు పట్టుకున్నాయి. ఇంజను చప్పుడు ఒకసారి వినిపించి ఒకసారి వినిపించడం లేదు. పంటు మధ్యకి వచ్చింది, మధ్యలో ముక్కు పక్కకి తిరిగిపోయింది. మనుషులంతా ఒకవైపు ఒరిగారు. రేవులో ఉన్నవాళ్ళెవరూ అరవలేదు, అందరూ లేచి నిలబడ్డారు అంతే. మా ఎదురుగానే వచ్చింది, మొహాలు పోల్చుకునేంత దగ్గరగా, తెల్ల చొక్కా కనిపించింది, ఆయనే, చేతిలో సంచీ నెత్తి మీద పెట్టుకుని ఉన్నారు. ఆగలేదు. మమ్మల్ని దాటుకుని కిందకి పోయింది, పోయి లంక చివర రెల్లుగడ్డి చాటున కనపడకుండా పోయింది. ఇంజను చప్పుడు కూడా ఆగిపోయింది.

అప్పుడు అనేశాను. అనాలని అనుకోలేదు, నోరే అంది.

"అత్తయ్యగారండీ, ఆ రోజు మూడు చీటీల మీదా నేను అమలాపురమే రాసేనండి."

ఆవిడ రెల్లుగడ్డి మీంచి కళ్ళు తిప్పలేదు.

"తెలుసు" అన్నారు.

నాకు అర్థం కాలేదు. పాస్టరుగారు చెప్పారా, ఎలా చెబుతారు, ఆయనకీ తెలియదు కదా, రూతు చూసిందా.

"పొయ్యిలో ఏసేముందు ఇప్పి చూసేను" అన్నారు అత్తగారు. "రాజోలు ఎలాగుంటాదో చూద్దారనిపించింది. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. వరేదో ఊదగడ్డేదో ఏరుకుని బతికినదాన్ని, ఒక్కలాగున్నాయో లేదో తెలవడానికి చదువు రావాలేంటి."

"మరి చెప్పలేదేమండీ?"

"చెప్తే మళ్ళీ ఎయ్యాలి గదా చీటీలు." "మళ్ళీ ఏత్తే రాజోలొచ్చిందనుకో."

రాజోలు ఆవిడ అడిగిన ఊరు. సమాధి ఉన్న వైపు ఊరు. ఆవిడ మొహంలోకి చూశాను, అక్కడ నా మీద కోపం లేదు, ఎప్పుడూ లేదేమో.

"పిల్ల సదూకోవాలని నీకొక్కదానికే ఉందనుకున్నావా" అన్నారు. "తీసింది నా చెయ్యే గదమ్మాయ్. తెలిసీ ఊరుకున్నాను. ఆడొచ్చి చెప్పులిడిసేదాకా నాకు ముద్ద దిగేది కాదు."

ఆరేళ్ళు. ఆరేళ్ళు ఒకే ఇంట్లో, ఒకే భయం, గోడకి ఇవతల ఒకరం అవతల ఒకరం. ఆవిడ ముందు కూర్చుని రెండుసార్లు వడ్డించుకు తిన్నాను. ఒక్క రోజు అడిగి ఉంటే సరిపోయేది, ఎందుకు తినరు అని మామూలుగా అడిగి ఉంటే.

"ఆయన్ని దేవుడు గట్టెక్కిస్తే ఇవాళే చెప్పేస్తానండి. కాళ్ళ మీద పడతానండి."

"వద్దు" అన్నారు అత్తగారు. మొదటిసారి నా వైపు తిరిగారు. "దేవుడు పంపించేడనుకుని దాటతన్నాడు ఆడు. మనం పంపించేమని తెలిత్తే పంటెక్కేప్పుడు భయమేత్తది. ఆ భయం మనిద్దరం పడతన్నాం గదా, సాలు."

ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. తాతబ్బాయి టీ ఇచ్చాడు, చల్లారిపోయేదాకా పట్టుకునే ఉన్నాను. వాన సన్నగా మొదలైంది. గట్టు వెంట దిగువ నుంచి ఎవరో పరిగెత్తుకొస్తూ "పడిందండోయ్, మామిడితోట కాడ పడింది, అందరూ దిగేరు" అని చెప్పుకుంటూ పోయాడు. అప్పుడు కూర్చున్నాను బల్ల మీద. కొంతసేపటికి గట్టు మీద మనుషులు వరసగా వస్తూ కనిపించారు, వరసలో ఐదో మనిషి, మోకాళ్ళ దాకా బురద, చెప్పులు చేతిలో, సంచీ ఇంకా నెత్తి మీదే ఉంది. సంచీలో పిల్లల పరీక్ష కాగితాలు తడవకుండా తెచ్చారట.

"ఇద్దరూ వచ్చేసేరేంటి? పాప ఒక్కత్తే ఉందా ఇంట్లో?" అన్నారు.

ఆయన మా మొహాలు చూసి నవ్వారు. "భయపడ్డారా? దేవుడు చూపించిన ఊరమ్మా ఇది. దాటించడం ఆయన పని గదా."

గట్టు మీదే, వానలోనే, కృతజ్ఞత చెప్పుకోవాలన్నారు. తల వంచి కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు, మొహం ఎంత నిశ్చింతగా ఉందో, నిద్రపోయే పిల్లాడి మొహంలా. మా ఇంటికి మేలు చేసిన ఆ రోజు చీటీ కోసం కూడా ఆయన స్తోత్రం చెప్పారు. నేను కళ్ళు మూసుకోలేదు. పక్కకి చూస్తే అత్తగారూ మూసుకోలేదు. ఇద్దరం ఆయన్నే చూస్తున్నాం. సగం వంగిన వేలొకటి తడుముకుంటూ వచ్చి నా చేతిని పట్టుకుంది, ఈసారి వెతుక్కోలేదు. ఆయన ముగించగానే ఇద్దరం ఒక్కసారే ఆమెన్ అన్నాం.

"ఆకలేత్తంది" అన్నారు అత్తగారు. "ఇంటికి పదండి."